సంతకం లేని త్సుబా ఏ ఊరి పనో తేల్చుకున్న క్రమం

జపాను కత్తిలో అలుగుకూ పిడికీ మధ్య అమరే లోహపు బిళ్ళను త్సుబా అంటారు. నా దగ్గరున్నది గుండ్రటి ఇనుప త్సుబా. నిలువు 7.8 సెంటీమీటర్లు, అడ్డం 7.7, అంచు దగ్గర మందం 5 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. రెక్కలు చాచి, మెడ వంచి, వలయమంతా తానే నిండిన సారస పక్షి ఆకారంలో దానిని జాలీగా తొలిచారు. టోక్యో ఇంటర్నేషనల్ ఫోరం ఆవరణలో ఆదివారాలు జరిగే పాత వస్తువుల సంతలో కొన్నాను. దారంతో కట్టిన చీటీ మీద "ఒవారి, ఎదో కాలం తొలి భాగం" అని రాసి ఉంది. ఒవారి అంటే నేటి నగోయా ప్రాంతం. ఎదో అంటే నేటి టోక్యో. షోగన్లు అక్కడి నుంచి పాలించిన 17-19 శతాబ్దాల కాలమే ఎదో కాలం. సంతలో చీటీల మీద ఒవారి పేరు చాలా తరచుగా కనిపిస్తుంది. జాలీ పని చేసిన ఇనుప త్సుబా ఏదైనా, దాని ఊరు తెలియకపోతే ఒవారి అని రాసేయడం అమ్మేవారికి సులువైన దారి. చీటీని పక్కన పెట్టి, వస్తువు తానుగా ఏం చెబుతుందో చూద్దామని మొదలుపెట్టాను.

ఈ శ్రమ ఎందుకు అవసరమవుతుందో ముందుగా చెప్పాలి. 1876లో మెయ్‌జీ ప్రభుత్వం బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించింది. అప్పటిదాకా ఒక కత్తికి అంటిపెట్టుకుని ఉన్న త్సుబాలు, పిడి అలంకారాలు, ఒర పక్కన దోపే చిన్న కత్తులు వేటికవి విడిపోయి అంగళ్ళలోకి వచ్చాయి. వాటిలో చాలా భాగం ఓడలెక్కి యూరప్‌కూ అమెరికాకూ చేరాయి. నేడు బోస్టన్, లండన్, హాంబర్గ్ మ్యూజియంలలో ఉన్న పెద్ద సేకరణల వెనుక ఆ కాలపు అమ్మకాలే ఉన్నాయి. ఫలానా వంశపు ఫలానా కత్తికి ఉండేదని చెప్పగల ఆధారం అలా తెగిపోయింది కనుక, సంతకం లేని త్సుబా విషయంలో మనకు మిగిలే సాక్ష్యం దాని లోహం, దాని కోత, దాని మీద పడిన వాడుక గుర్తులు మాత్రమే.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది అది సుత్తితో సాగగొట్టిన ఇనుమా, అచ్చులో పోసిన పోత ఇనుమా అన్నది. కత్తుల వాడకం పోయాక పర్యాటకుల కోసం పోత పోసిన నకళ్ళు లెక్కలేనన్ని వచ్చాయి. ఈ పరీక్షకు త్సుబా ముఖాన్ని చూడడం వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. జాలీ రంధ్రాల లోపలి గోడలను చూడాలి. చేత్తో చేసిన త్సుబాలో పనివాడు ముందు చిన్న రంధ్రం తొలిచి, అందులోంచి రంపం దూర్చి కోసి, చివర ఆకురాయితో రాచి గోడను చదును చేస్తాడు. అందువల్ల లోపలి గోడ మీద ఆకురాయి గీతలు, సందుల మూలల్లో పనిముట్టు తిరగలేక ఆగిన జాడలు కనిపిస్తాయి. పోత వస్తువులో ఆ గోడలు మొద్దుగా, మూలలు కరిగినట్టు గుండ్రంగా ఉంటాయి. కొన్నింటిలో అచ్చు రెండు భాగాలు కలిసిన చోట గోడ మధ్యగా సన్నని గీత నడుస్తుంది. పదింతలు పెద్దదిగా చూపే చేతి భూతద్దంతో, పక్కనుంచి దీపం వేసి, సారస పక్షి రెక్కల మధ్య సందులన్నీ వెతికాను. ఈకల మొనలు కలిసే ఇరుకు చోట్ల ఆకురాయి గీతలు స్పష్టంగా ఉన్నాయి, అతుకు గీత ఎక్కడా లేదు. వేలి మొన మీద నిలిపి తడితే ఖంగుమని మోగుతుందా అని చూసే అలవాటు కొందరికి ఉంది గాని, జాలీ ఎంత తొలిచారన్న దానిని బట్టి మోత మారిపోతుంది కాబట్టి నేను దానికి ఎక్కువ విలువ ఇవ్వను.

తరువాత త్సుబాను సరైన దిక్కులో నిలపాలి. మధ్యలో అలుగు తోక దూరే రంధ్రం త్రికోణాకారంలో పొడవుగా ఉంటుంది. దాని సన్నని కొన పైకి ఉండేలా పట్టుకోవాలి, ఎందుకంటే సమురాయ్ నడుముకు కత్తిని పదును పైకి ఉండేలా దోపుకునేవాడు. పిడి వైపు ఉండేది ముందు ముఖం. ఆ ముఖం మనవైపు ఉన్నప్పుడు ఎడమన అర్ధచంద్రాకారపు రంధ్రం ఉంటుంది. అది కోజుకా అనే చిన్న కత్తి కోసం. కుడివైపున మూడు గుండ్రాలు కలిసినట్టుండే రంధ్రం కోగాయ్ అనే జుట్టు సవరించుకునే పుల్ల కోసం. సంతకం ఉంటే సాధారణంగా ఈ ముందు ముఖం మీద, మధ్య రంధ్రానికి ఎడమ పక్కన చెక్కుతారు. నా త్సుబాలో ఆ చోటు నునుపుగా ఉంది. సంతకాన్ని అరగదీసి చెరిపేశారా అన్న అనుమానంతో ఆ చోట మందాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో కుడి పక్క మందంతో పోల్చాను. తేడా రాలేదు. మొదటినుంచీ సంతకం లేని పని అనే అనుకోవాలి.

రంధ్రాలు ఇంకో విషయం కూడా చెబుతాయి. కొన్ని పాత త్సుబాలు చేసినప్పుడు వాటికి ఈ పక్క రంధ్రాలు లేవు. తరువాతి యజమాని తన ఒరకు కోజుకా చేర్చుకున్నప్పుడు, ఉన్న జాలీని కోసి రంధ్రం పెట్టించాడు. అలాంటి కోత బొమ్మలోని గీతను అడ్డంగా తెంచుతుంది. నా పక్షి విషయంలో రెండు రంధ్రాల అంచులూ రెక్కల వంపులో ఒదిగిపోయాయి. కుడి రంధ్రపు బయటి అంచే రెక్కలోని మొదటి ఈకగా సాగుతుంది. అంటే ఈ త్సుబాను మొదటినుంచీ కోజుకా, కోగాయ్ రెండూ ఉండే కత్తి కోసం ఊహించి గీశారు. మధ్య రంధ్రం పై కొనలోనూ కింది అడుగునా రాగి ముక్కలు బిగించి ఉన్నాయి. చుట్టూ ఇనుము మీద ఉలిపోట్లు రెండు తీర్లలో ఉన్నాయి. ఒకటి పాతబడి అరిగినది, మరొకటి అంచులు ఇంకా పదునుగా ఉన్నది. త్సుబాను ఒక కత్తి నుంచి మరో కత్తికి మార్చినప్పుడు తోక కదలకుండా బిగించడానికి ఇలా చేస్తారు. కనీసం రెండు అలుగులు చూసిన వస్తువు ఇది. దీని వల్ల ఊరు తెలియదు గాని, గోడకు తగిలించడానికి చేసిన బొమ్మ కాదని మాత్రం తెలుస్తుంది.

అసలైన పరీక్ష ఇనుముది. పాత త్సుబాలను గుర్తించడంలో బొమ్మకంటే ఇనుమే ముందు మాట్లాడాలన్నది ఈ పనిలో నేను గట్టిగా పట్టుకున్న సూత్రం. బొమ్మను ఎవరైనా చూసి గీయగలరు. ఒక కొలిమిలో ఇనుమును మడిచి సాగగొట్టిన తీరు, పై పొరను కాల్చి లేదా రాచి తేల్చిన తీరు మాత్రం అంత తేలికగా అరువు రావు. ఒవారి పని అయితే అంచు వెంట తెక్కొత్సు అనే గడ్డలు కనిపించాలి. ఇనుములోని గట్టి భాగాలు, చుట్టూ ఉన్న మెత్తని భాగం అరిగేకొద్దీ బయటికి పొడుచుకు వచ్చి ఎముకల్లా నిలబడతాయి. సుత్తి దెబ్బల ఎగుడుదిగుడులు ముఖం మీద మిగిలి ఉండాలి, గీతలు లావుగా, బొమ్మ రెండు పక్కలా సరితూగుతూ, బింకంగా ఉండాలి. కనయామా అని పేరున్న త్సుబాలలోనూ తెక్కొత్సు బలంగా ఉంటుంది, అయితే అవి కొలతలో చిన్నవి, మందంలో ఎక్కువ. నా త్సుబా అంచు చుట్టూ బొటనవేలిని నెమ్మదిగా తిప్పి, తరువాత అదే దారిలో భూతద్దంతో వెతికితే తెక్కొత్సు అనదగింది ఏదీ దొరకలేదు. ముఖం నునుపుగా రాచిన ముఖం. చీటీ మీది ఒవారి ఇక్కడే బలహీనపడింది.

అంచులో ఇంకొకటి కనిపించింది. పక్కనుంచి చూస్తే, ఒక చోట మందం మధ్యగా రెండు సన్నని గీతలు అంచు వెంట కొంత దూరం సమాంతరంగా నడిచి మాయమవుతున్నాయి. పోత అతుకు ఒక్క గీతగా ఉంటుంది, పైగా జాలీ గోడల్లోనూ కనిపిస్తుంది. ఇవి అలాంటివి కావు. ఎదో నగరంలోని అకసాకా పనివారు మెత్తని ఇనుము రేకుకు రెండు వైపులా గట్టి ఇనుము రేకులు కలిపి మూడు పొరలుగా చేసేవారని చెబుతారు. అరిగిన అంచుల్లో ఆ పొరలు బయటపడడాన్ని వారి పనికి ఒక గుర్తుగా సేకర్తలు చూస్తారు. ఇది కనబడ్డాక నా దృష్టి నగోయా నుంచి టోక్యోకు మళ్ళింది. అయితే పొరలు విడినట్టు కనిపించే ఇనుమంతా అకసాకా కాదు. సాగగొట్టి మడిచిన ఏ ఇనుములోనైనా అతుకు సరిగా కలవని చోట గీత పడవచ్చు. కాబట్టి దీనిని ఒక్క సాక్షిగా తీసుకుని మిగతావాటి కోసం వెతకవలసి వచ్చింది.

ఇక బొమ్మ సంగతి. వలయంగా ఒదిగిన సారస పక్షి క్యోతో పనిలో ఉంది, అకసాకాలో ఉంది, క్యూషూ దీవిలోని హిగో పనిలో మరీ ప్రసిద్ధంగా ఉంది. హిగో అంటే నేటి కుమమొతో. అక్కడి నాలుగు ప్రధాన వంశాలు హయాషి, హిరాతా, నిషిగాకి, షిమిజు. తేనీటి కళలో పేరున్న గురువు సెన్ నో రిక్యూకు శిష్యుడు, హోసొకావా వంశపు ప్రభువు అయిన హోసొకావా తదాఒకి అభిరుచి ఆ పనిని తీర్చిదిద్దిందని అందరూ ఒప్పుకుంటారు. హయాషి వంశం అసలు ఒవారి నుంచి వచ్చిన తుపాకుల పనివారిది. అప్పటి హిగో ప్రభువు కతో కియోమసా కొలువులో వారు అక్కడికి చేరారు. 1632లో కతో వంశం ఆ ప్రాంతాన్ని కోల్పోయి హోసొకావా వంశం వచ్చాక కొత్త ప్రభువుల కింద పని సాగించారు. హిగో ఇనుము దట్టంగా, తడిసినట్టు మెరుస్తూ, ఎరుపు కలిసిన ముదురు నలుపులో ఉంటుంది. మంచి హిగో త్సుబాను చూసినవారు ఆ రంగును మర్చిపోరు. తదాఒకి అభిరుచి మీద నాకున్న గౌరవం నా కంటిని హిగో వైపు లాగుతోందని గ్రహించి, ఆ పేరును కావాలనే చివరికి నెట్టాను. పేరున్న వంశం వైపు మొగ్గడం సేకర్తలందరికీ ఉన్న జబ్బు.

క్యోతోను తీసేయడం కష్టం కాలేదు. క్యో-సుకాషి అనే ఆ పనిలో గీతలు చాలా సన్నగా, ఒకే వెడల్పుతో, తూకంగా ఉంటాయి. నా పక్షి రెక్కల గీతలు మొదట్లో లావుగా మొదలై మొనకు వెళ్ళేసరికి సన్నబడతాయి. హగి పట్టణంలోని చోషూ పనివారు ఇనుమును ఆకులు, పూల ఆకారంలో ఎత్తుపల్లాలతో చెక్కుతారు. నా త్సుబాలో పక్షి ముఖం బల్లపరుపుగానే ఉంది, ఈకల మీద వెంట్రుకంత సన్నని గీతలు తప్ప చెక్కడం లేదు. ఎదోలోని ఇతో వంశం రంపంతో దారమంత సన్నని సందులు కోయడంలో దిట్ట. అదీ ఇక్కడ లేదు. బంగారు పొదుగు కూడా లేదు. ఉంటే హిగో వాదానికి కొంత బలం వచ్చేది. ప్రసంగవశాత్తూ ఒక మాట: హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని కత్తుల మీద బంగారు కోఫ్త్‌గరీ పనిని చూసినవారికి జపాను నునోమె-జోగాన్ పరిచయమైనదే అనిపిస్తుంది. ఇనుము మీద సన్నని గీతలను అడ్డంగా, నిలువుగా గీసి గరుకు చేసి, దాని మీద బంగారు రేకును అదిమి కొట్టే పద్ధతి రెండు చోట్లా ఒక్కటే.

మిగిలినవి రెండు: హిగోలోని హయాషి వంశం లేదా వారి శైలిని 19వ శతాబ్దంలో కొనసాగించిన కమియోషి వంశం ఒక పక్క, అకసాకా మరో పక్క. ఈ రెండింటిని విడదీయడం చిక్కు. క్యోతోలో త్సుబాల వ్యాపారి అయిన కరిగనెయా హికోబెయ్ 17వ శతాబ్దం తొలి భాగంలో తదమసా అనే పనివాడితో కలిసి ఎదోకు వచ్చి అకసాకాలో స్థిరపడ్డాడని సంప్రదాయ కథనం. మొదటి తదమసా 1657లో పోయాడంటారు. తొలి తరాల అకసాకా పనిలో క్యోతో, ఒవారి ఛాయలు కలిసి ఉంటాయి. తరువాతి తరాల పని హిగోకు బాగా దగ్గరగా జరుగుతుంది. 1635 నుంచి ప్రాంతీయ ప్రభువులు ఏడాది విడిచి ఏడాది ఎదోలో ఉండాలన్న నియమం కట్టుదిట్టమైంది కనుక, కుమమొతో నుంచి వచ్చిన సమురాయ్‌ల నడుముల మీద హిగో త్సుబాలు ఎదో వీధుల్లో తిరుగుతూనే ఉండేవి. వాటిని చూసి అకసాకా పనివాడు గీయడంలో వింత లేదు.

పుస్తకంలోని ఫోటోలతో ఈ తేడా తెగదు. టోక్యోలోని ఎయిసేయ్ బుంకో మ్యూజియంలో హోసొకావా వంశపు సేకరణనూ, ఉఎనోలోని జాతీయ మ్యూజియంలో త్సుబాలనూ అద్దం వెనుక చూశాను గాని, అద్దం వెనుక ఉన్న ఇనుము సగమే మాట్లాడుతుంది. అంచు కనపడదు, వెనుక ముఖం కనపడదు, బరువు తెలియదు. అందుకని ఒక పరిచయస్తుడి ద్వారా నెలవారీ అధ్యయన సమావేశానికి వెళ్ళడం మొదలుపెట్టాను. పొడవాటి బల్ల మీద మెత్తని గుడ్డ పరిచి, దాని మీద సంతకాలు కాగితంతో కప్పిన త్సుబాలను వరుసగా పెడతారు. ఒక్కొక్కరూ చేతిలోకి తీసుకుని, అంచు పట్టుకునే చూసి, తాము అనుకున్న వంశం పేరును చీటీ మీద రాసి ఇవ్వాలి. ఉంగరాలు, గడియారం ముందే తీసేయాలి. త్సుబాను గుడ్డకు ఎత్తుగా లేపకూడదు. వేలి చెమట ఇనుముకు శత్రువు కనుక ముఖాన్ని తాకకూడదు. మాటలు చాలా తక్కువగా సాగే ఈ కూటమిలోనే నిజమైన హయాషి త్సుబాను, అకసాకా నాలుగో తరం తదతొకి సంతకం ఉన్న త్సుబాను ఒకదాని తరువాత ఒకటి చేతిలో పట్టుకోగలిగాను. హిగో ముఖం అంచు దగ్గరికి వచ్చేటప్పుడు ఎక్కడ వంగుతోందో తెలియనంత మెత్తగా ఉంది. అకసాకాది గీత గీతగా తేటగా, కోసినవాడి చేయి తెలిసేలా ఉంది. నా దానిని తీసి పక్కన పెట్టినప్పుడు రంగులో అది హిగోకు దగ్గరగా, కోతలో అకసాకాకు దగ్గరగా నిలిచింది. రంగు తుడవడం వల్ల, నూనె వల్ల, కాలం వల్ల మారుతుంది. కోత మారదు. నేను అకసాకా అని తీర్మానించుకున్నాను.

సమావేశాన్ని నడిపే పెద్దాయన నాతో ఏకీభవించలేదు. "మీరు అంచు పొరలను ఎక్కువగా నమ్ముతున్నారండీ, ఒకసారి పక్షి మెడను చూడండి" అన్నారు. మెడ వంపులో తొందర లేదని, ఎదో పనివాడైతే ఆ వంపును ఇంకొంచెం బిగించేవాడని ఆయన వాదన. కాదనడానికి నా దగ్గర గట్టి జవాబు లేకపోయినా, ఆ వంపు ఒక్కదాని మీద వంశం పేరు నిలబెట్టడం నాకు సబబుగా తోచలేదు.

చివరి అడుగు అధికారిక పరీక్ష. 1948లో ఏర్పడిన జపాను కళాఖడ్గాల సంరక్షణ సంఘం, నిహోన్ బిజుత్సు తోకెన్ హోజోన్ క్యోకాయ్, కత్తులతో పాటు త్సుబాలనూ పరీక్షించి పత్రాలు ఇస్తుంది. వారి ఖడ్గ మ్యూజియం 2018 నుంచి రియోగొకులో, సుమో పోటీలు జరిగే కొకుగికాన్‌కు దగ్గరలో ఉంది. పత్రాలలో నాలుగు అంతస్తులున్నాయి: హోజోన్, తొకుబెత్సు హోజోన్, జూయో, తొకుబెత్సు జూయో. కొత్తగా వచ్చిన త్సుబాను మొదటి మెట్టుకే పంపాలి. ఈ విధానం 1982లో వచ్చింది, అంతకు ముందరి పత్రాలను అనుభవం ఉన్న సేకర్తలు అంత తేలికగా నమ్మరు. పంపేముందు అంచులో ఒక చోట ఉన్న ఎర్ర తుప్పును దుప్పి కొమ్ము ముక్కతో నెమ్మదిగా గీకి, పొడి నూలు గుడ్డతో రుద్దాను. నల్లగా గట్టిపడిన పాత పొరను తాకలేదు. తీగ బ్రష్, ఆమ్లం, తుప్పు వదిలించే మందులు వాడితే ఆ పొర పోతుంది, దానితో పరీక్షకులు చూడవలసిన సాక్ష్యమూ పోతుంది. దరఖాస్తులో కొలతలు, బొమ్మ పేరు, సంతకం లేదన్న సంగతి రాసి ఇచ్చాను. నా అభిప్రాయం రాయలేదు.

కొన్ని నెలల తరువాత పత్రం వచ్చింది. ఫోటో పక్కన సారస పక్షి జాలీ త్సుబా అనీ, సంతకం లేనిది అనీ, అకసాకా అనీ ఉంది. దొరికింది హోజోన్ స్థాయి. తరం చెప్పలేదు, కాలం చెప్పలేదు, కారణాలు ఇవ్వలేదు. కారణాలు ఇవ్వకపోవడం వారి పద్ధతి. నా మట్టుకు ఇది ఆ పద్ధతిలోని పెద్ద లోపం, ఎందుకంటే మూడు పొరల అంచును చూసి అకసాకా అన్నారా, కోతను చూసి అన్నారా అన్నది నేర్చుకునేవారికి పేరుకంటే ఎక్కువ ఉపయోగపడేది. పెద్దాయన పత్రం చూసి, సంఘం మాట సంఘానిదేనని నవ్వి, మెడ గురించి తన అభిప్రాయాన్ని అలాగే ఉంచుకున్నారు.

ఇక తరం సంగతి తేల్చాలి. మొదటి మూడు తరాల అకసాకా పనివారు చాలావరకు సంతకం చేయలేదు, నాలుగో తరం నుంచి సంతకాలు విరివిగా కనిపిస్తాయి. అందుచేత సంతకం లేకపోవడం చూసి తొలి తరం అనేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ హిగో ఛాయ ఇంత ఉన్న బొమ్మ తరువాతి కాలం వైపే చూపిస్తోంది, పైగా తరువాతి తరాల కార్ఖానాల్లోనూ సంతకం లేకుండా బయటికి వెళ్ళిన పని ఉంది. సంతకం ఉన్న తరువాతి తరాల త్సుబాలలో కోగాయ్ రంధ్రపు వంపు, మధ్య రంధ్రం చుట్టూ ఉన్న అండాకారపు చదును కొలతలు దొరికినన్ని సేకరించి నా దానితో పోలుస్తున్నాను. త్సుబాను పెట్టిన పౌలోనియా చెక్క పెట్టె మూత లోపల ప్రస్తుతానికి "అకసాకా, ఎదో కాలం మధ్య భాగం తరువాత" అని పెన్సిల్‌తో రాసుకున్నాను.